పొగను తూచుట యెట్లు?
తైలముతో పుట్టించు విద్యుత్తును, బొగ్గుపులుసు వాయువు లెక్కయును

మొన్నటి వానకాలమున ఒకనాటి మధ్యాహ్నము విద్యుత్తు నిలిచిపోగా, మన పాఠశాల సభామందిరము వెనుకనున్న డీజిలు జనరేటరును నడిపించిరి. దాని గొట్టమునుండి మొదట నల్లని పొగ కొంత వెలువడెను. కొంతసేపటికి ఏమియు కనబడకుండెను. అప్పుడు ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు నాయొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, ఆ గొట్టములోనుండి పోవునది యెంత తూకముండునండీ? దానిని త్రాసులో పెట్టుటకు వీలులేదు గదా! మఱి ఆయా దేశములవారు తాము ఇన్ని కోట్ల టన్నులు విడిచితిమని లెక్కలెట్లు చెప్పుచున్నారు?” అని యడిగెను. ప్రశ్న చిన్నదే గాని ప్రత్యుత్తరము రెండు మాటలలో చెప్పదగినది కాదు. ఆనాడు గంట మ్రోగుటచేత చెప్పలేకపోయిన దానిని ఇచ్చట విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియునట్లు వ్రాయుచున్నాను.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలయును. కంటికి కనబడు నల్లని పొగ మనము తూచదలచిన వస్తువు కాదు. అది పూర్తిగ మండని మసి. చల్లని వేళ పొగగొట్టముపై కనబడు తెల్లని మబ్బు నీటియావిరి చల్లబడి యేర్పడిన తుంపరలు. మనము లెక్కింపదలచినది బొగ్గుపులుసు వాయువు. నేటి పాఠ్యపుస్తకములు దీనిని కార్బన్ డయాక్సైడు అనుచున్నవి. దీనికి రంగు లేదు, వాసన లేదు. కావున పొగ కనబడని గొట్టమును చూచి “దీనినుండి ఏమియు పోవుట లేదు” అనుకొనుట పొరపాటు. తైలము ఎంత బాగుగ మండిన, పొగ అంత తక్కువగ కనబడును. అందలి కర్బనము అంత సంపూర్ణముగ ఈ వాయువుగ మారును.

ఈ వాయువును లెక్కించుట యెందులకు? సూర్యరశ్మిచే వేడెక్కిన భూమి ఆ వేడిమిని కంటికి కనబడని కిరణముల రూపమున మరల పైకి పంపుచుండును. ఈ వాయువు ఆ కిరణములలో కొన్నిటిని పీల్చి నిలుపుకొనును. ఈ విషయమును జాన్ టిండాల్ అను శాస్త్రవేత్త 1859లో ఆరంభించిన ప్రయోగములవలన స్పష్టపఱచెను. వాయువు పెరిగినకొలది భూమి వేడిమియు పెరుగును. ఎండల తీవ్రతయు, వానల తీరును, సముద్రమట్టమును దీనిపై నాధారపడియున్నవి గనుక ఇది శాస్త్రవేత్తల విషయము మాత్రమే గాక, కృష్ణా గోదావరీ తీరములందలి రైతులకును, సముద్రపుటొడ్డున నివసించు జాలరులకును సంబంధించిన విషయము.

ఇక తైలముతో విద్యుత్తు పుట్టించు విధమును చెప్పెదను. ఇందు రెండు పద్ధతులు ముఖ్యములు. పెద్ద కేంద్రములలో ఫర్నెస్ ఆయిలు అను చిక్కని తైలమును వేడిచేసి, పలుచబఱచి, బాయిలరులోనికి తుంపరలుగ చిమ్మి మండింతురు. ఆ మంటవలన నీరు ఆవిరియై టర్బైనును త్రిప్పును. చిన్న కేంద్రములలోను, మన జనరేటరువంటి వానిలోను, తైలము ఇంజనులోనే మండి దానిని నేరుగ నడుపును. 1973వ సంవత్సరమున ప్రపంచపు విద్యుత్తులో ఇంచుమించు నాలుగవ వంతు తైలముతోనే పుట్టుచుండెను. ఆ యేడు తైలపు వెల మిన్నంటుటచే పెక్కు దేశములు బొగ్గునకును, సహజవాయువునకును, అణుశక్తికిని మరలినవి. నేడు తైలపు వంతు నూటికి మూడింటికి మించదు. అయినను దీవులయందును, పారసీక సింధుశాఖ చుట్టునున్న కొన్ని దేశములయందును తైలమింకను ముఖ్యమైన వంటచెఱకే. ఇబ్రహీంపట్నమునందలి విజయవాడ తాపవిద్యుత్కేంద్రమువంటి బొగ్గు కేంద్రములలో సైతము, చల్లారిన బాయిలరును మరల వెలిగించుటకు మొదట తైలమునే మండింతురు.

ఇప్పుడు తూకమునకు వత్తము. పొగను తూచలేము గాని, పొగగ మారబోవు తైలమును తూచవచ్చును. పదార్థము రూపము మారునే గాని తూకమునకు నాశము లేదని లవోయిసియే అను ఫ్రెంచి శాస్త్రవేత్త పదునెనిమిదవ శతాబ్దమున త్రాసు సాయముతో చూపెను. తైలములోనికి పోయిన కర్బనము గొట్టమునుండి బయటికి రాక తప్పదు. మన లెక్కకు ఇదియే పునాది.

ఒక లీటరు డీజిలు తూకము సుమారు 840 గ్రాములు. అందు నూటికి 86 వంతులు కర్బనము, మిగిలినది ముఖ్యముగ ఉదజని. కావున లీటరులోని కర్బనము సుమారు 722 గ్రాములు. కర్బనపు పరమాణువు తూకము 12. ప్రాణవాయువు పరమాణువు తూకము 16. ఒక కర్బన పరమాణువు రెండు ప్రాణవాయు పరమాణువులతో కలియుటచే బొగ్గుపులుసు వాయువు అణువునకు 12ను 32ను కలిసి 44 తూకము వచ్చును. అనగా 12 పాళ్ల కర్బనము 44 పాళ్ల వాయువగును. 722 గ్రాములను 44చే గుణించి 12చే భాగించిన, 2,647 గ్రాములు వచ్చును.

కిలోగ్రామైనను లేని తైలమునుండి రెండు కిలోగ్రాములకు మించిన వాయువు పుట్టుట యెట్లని విద్యార్థు లాశ్చర్యపడుదురు. ఇందు మాయ యేమియు లేదు. మిగిలిన తూకము మన చుట్టునున్న గాలినుండి వచ్చినదే. లీటరు డీజిలు మండుటకు సుమారు 2,870 గ్రాముల ప్రాణవాయువు కావలయును. తైలమును ప్రాణవాయువును కలిసి 3,710 గ్రాములు. బయటికి వచ్చునవి 2,650 గ్రాముల బొగ్గుపులుసు వాయువును, 1,060 గ్రాముల నీటియావిరియును. జమాఖర్చులు సరిపోయినవి.

పెద్ద కేంద్రములవారు లీటరులకు మారుగ వేడిమినిబట్టి లెక్కించుట తఱచు. ఏలయన, కొనుగోలుదారునకు కావలసినది తైలము కాదు, దాని వేడిమి. ఐక్యరాజ్యసమితి యాదరణమున నేర్పడిన శీతోష్ణస్థితి నిపుణుల సంఘము 2006లో ప్రకటించిన నియమావళి ప్రకారము, ఒక టన్ను ఫర్నెస్ ఆయిలు మండిన 40.4 గిగాజౌళ్ల వేడిమి పుట్టును. ఒక్కొక్క గిగాజౌలునకు 77.4 కిలోగ్రాముల వాయువు వెలువడును. ఈ రెంటిని గుణించిన టన్ను తైలమునకు సుమారు 3.13 టన్నుల వాయువు తేలును. ఇవి సొంత పరీక్షలు లేనివారు వాడుకొనుట కేర్పఱచిన సామాన్యపు టంకెలు. మంచి కేంద్రములవారు తాము కొన్న తైలమునే ప్రయోగశాలలో పరీక్షించి, అందలి కర్బనమెంతో, వేడిమి యెంతో తెలిసికొందురు.

ఉదాహరణమునకు లక్ష కిలోవాట్ల కేంద్రమొకటి ఒక దినమంతయు నిండుగ పనిచేసినదనుకొందము. అది 24 లక్షల యూనిట్ల విద్యుత్తు నిచ్చును. యూనిటు ఒకటికి 3.6 మెగాజౌళ్లు, కావున మొత్తము 8,640 గిగాజౌళ్లు. కాని తైలపు వేడిమి యంతయు విద్యుత్తుగ మారదు. ఇట్టి ఆవిరి కేంద్రములో నూటికి 35 వంతులు మాఱినవనుకొనిన, 24,690 గిగాజౌళ్ల వేడిమి కావలయును. అందులకు 611 టన్నుల తైలము పట్టును. దానినుండి వెలువడు వాయువు సుమారు 1,910 టన్నులు. అనగా యూనిటు ఒకటికి ఇంచుమించు 800 గ్రాములు. మంచి డీజిలు ఇంజను నూటికి 42 వంతులు మార్పగలిగిన, యూనిటుకు సుమారు 663 గ్రాములే వెలువడును. నూటికి 25 వంతులు మాత్రమే మార్చు చిన్న జనరేటరైన, కిలోగ్రామునకు మించును. తైల మొకటే యైనను యంత్రపు సామర్థ్యమునుబట్టి లెక్క యెంత మారుచున్నదో చూడుడు!

ఈ లెక్క వినుట కెంత సుళువో, ఆచరణమున అంత సుళువు కాదు. తైలము వేడెక్కినకొలది ఉబ్బును. 15 డిగ్రీలయొద్ద వేయి లీటరులున్న చిక్కని తైలము 45 డిగ్రీలయొద్ద సుమారు 1,020 లీటరులగును. తూకము పెరుగలేదు, కొలత మాత్రమే పెరిగినది. కావున లీటరులలో కొలిచినవారు అప్పటి వేడిమినిగూడ వ్రాసికొని, నియమిత వేడిమికి సరిచేయవలయును. తొట్టి యడుగున నీరు చేరియుండిన దానినిగూడ తైలముగ లెక్కించు ప్రమాదము కలదు. తైలపు మీటరులను అప్పుడప్పుడు పరీక్షింపనిచో అవియు తప్పు చెప్పును. నూటికి రెండు వంతుల తప్పే కదా యని తోచవచ్చును. పైన చెప్పిన కేంద్రమున రెండు వంతులనగా దినమునకు 38 టన్నులు. ఏడాది పొడవున సుమారు 14,000 టన్నులు!

ఇది మొదటి మార్గము. రెండవది పొగగొట్టమునందే కొలుచుట. ఇది నేటి ఊహ కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండియు బాయిలరు ఇంజనీరులు ఓర్సా పరికరము అను గాజుగొట్టముల పెట్టెను వాడుచుండిరి. గొట్టపు పొగను కొలిచి తీసికొని, ఘాటైన పొటాషు ద్రావకముగుండ పంపుదురు. ఆ ద్రావకము బొగ్గుపులుసు వాయువును మాత్రము పీల్చుకొనును. తగ్గిన కొలతయే ఆ వాయువు పరిమాణము. నాటివారు భూమి వేడిమినిగూర్చి దీనిని చేయలేదు. వంటచెఱకు పొదుపుకొఱకు చేసిరి. పొగలో ఈ వాయువు పాలు మిక్కిలి తగ్గినయెడల, అక్కఱకు మించిన గాలి లోపలికి పోయి వేడిమిని వృథాగ మోసికొనిపోవుచున్నదని గ్రహించి, గాలి తలుపులను సవరించుచుండిరి.

నేడా పనిని కిరణములు చేయుచున్నవి. టిండాల్ కనుగొన్న గుణమే యిక్కడ సాధనము. ఒక గొట్టముగుండ కంటికి కనబడని యుష్ణకిరణములను పంపి, ఆవలి వైపున ఎన్ని మిగిలినవో చూతురు. వాయువెంత యుండిన కిరణములంత తగ్గును. భూమిని వేడెక్కించు గుణమే దానిని పట్టియిచ్చు గుణము కూడ నగుట వింత గదా! కాని పాలు తెలిసినంతమాత్రమున తూకము తెలియదు. గొట్టములో నిమిషమునకెంత పొగ పోవుచున్నదో కూడ తెలియవలయును. అందులకై ప్రవాహపు ఒత్తిడిని కొలుచు పిటో గొట్టమును గాని, ధ్వనితరంగములతో వేగమును కొలుచు పరికరమును గాని అమర్తురు. పాలును ప్రవాహమును గుణించిన గంటగంటకును లెక్క తేలును. కిరణ పరికరము సరిగ పలుకుచున్నదో లేదో చూచుటకు, ముందే పాలు తెలిసిన వాయువును సీసానుండి దానికిచ్చి పరీక్షింతురు.

ఈ మార్గమునందును చిక్కులు లేకపోలేదు. పొగలో నూటికి పదివంతుల దాపున నీటియావిరి యుండును. ఆవిరిని తీసివేసి పాలును కొలిచి, ఆవిరితోగూడిన ప్రవాహముతో గుణించినయెడల లెక్క పదింట ఒక వంతు పెరిగిపోవును. మఱియు గొట్టములో పొగ తిన్నగ పోక సుడులు తిరుగుచు పోవును. నది నడుమ వేగమును ఒడ్డున వేగమును ఒకటి కానట్లే, గొట్టము నడుమను అంచునను వేగము వేఱు. కావున ఒక్కచోట కొలిచి అంతటికిని అన్వయించుట తగదు.

అట్లయిన ఏది నమ్మదగినదని యడుగుదురేమో. తైలపు లెక్కకు పొగగొట్టపు లెక్క సాక్షి. దానికి ఇది సాక్షి. రెండును దగ్గరగనున్న నమ్మవచ్చును; దూరముగనున్న ఎక్కడనో తప్పున్నదని వెదకవలయును. అమెరికాలో 1990 నాటి చట్టసవరణలను బట్టి పెద్ద విద్యుత్కేంద్రములు పొగగొట్టమునందు ఎడతెగక కొలుచు పరికరముల నమర్చుకొనినవి. తైలమును సహజవాయువును మండించు కేంద్రములకు మాత్రము ఇంధనమును కొలిచి లెక్కించుటకు అనుమతి యియ్యబడెను. ఏలయన, బొగ్గు బండికొక తీరుగ నుండును. తైలము మీటరుగుండ ప్రవహించును, గుణమును ఇంచుమించు నిలుకడగ నుండును. ఐరోపాలో 2005లో ఆరంభమైన విధానమునుబట్టి కేంద్రములు విడిచిన ప్రతి టన్నునకు ఒక్కొక్క అనుమతి పత్రమును ఒప్పగింపవలయును. ఆ పత్రములకు వెల యున్నది గనుక తప్పులెక్క అప్పులెక్కయే యగును. అందుచేతనే పెద్ద కేంద్రములు మండించు తైలపు కొలతలో సందేహము నూటికి ఒకటిన్నర వంతుకు మించరాదని నియమించి, బయటి పరీక్షకులచే లెక్కలను సరిచూపించుచున్నారు.

ఈ రెండువిధముల కొలతలును ప్రక్కప్రక్కన నిలిచిన తావు హవాయి దీవులు. అచ్చటి మౌనాలోవా పర్వతముపై, సముద్రమట్టమునకు 3,397 మీటరుల యెత్తున, చార్లెసు డేవిడు కీలింగ్ అను శాస్త్రవేత్త 1958 మార్చిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును కిరణ పరికరముతో కొలుచుట కారంభించెను. నాడు పదిలక్షల పాళ్ల గాలిలో సుమారు 315 పాళ్లు. 2024లో సగటున 424 పాళ్లకు పైగా. ఆ దీవుల యందే ఒవాహు పడమటి తీరమున కాహే అను పెద్ద తైలపు విద్యుత్కేంద్రము కలదు. నడిసముద్రములోని దీవులగుటచే, దూరమునుండి ఓడలపై వచ్చు తైలమే అచ్చటి విద్యుత్తునకు ముఖ్యాధారమాయెను. 2022 సెప్టెంబరులో అచ్చటి కడపటి బొగ్గు కేంద్రము మూతపడెను. 2045 నాటికి విద్యుత్తునంతయు సూర్యుడు, గాలి మొదలగు తఱుగని వనరులనుండియే పొందవలయునని ఆ రాష్ట్రము 2015లో చట్టము చేసికొనెను.

మౌనాలోవా పరికరము చెరువుకట్టమీది కొలబద్దవంటిది. మట్టమెంత పెరిగినదో చెప్పును గాని, ఏ వాగునుండి ఎంత నీరు వచ్చినదో చెప్పదు. దానిని చెప్పవలసినది కాహేవంటి కేంద్రముల తైలపు ఖాతాయే. కొలబద్ద అబద్ధమాడదు, వాగులవారు తమ లెక్కలను తగ్గించి వ్రాసినను చెరువు మట్టము తగ్గదు. తప్పులెక్క కాగితమును మోసగించును గాని గాలిని మోసగింపలేదు. 2045 నాటి మాట నిలిచినదో లేదో తెలియుటకును ఆ ఖాతాలే ఆధారము.

ఈ లెక్క దేనిని చెప్పదో కూడ తెలిసికొనుట మంచిది. తైలమును భూమినుండి తీయుటకు, శుద్ధిచేయుటకు, ఓడలపై తెచ్చుటకు అయిన మంట పొగగొట్టపు లెక్కలో చేరదు. తీగలలో నష్టమగు విద్యుత్తును చేర్చినయెడల మన యింటికి చేరు యూనిటు లెక్క మఱికొంత పెరుగును. గొట్టమునకు జల్లెడవంటి పరికరముల నమర్చి మసిని, గంధకమును తగ్గింపవచ్చును. అది ఊపిరితిత్తులకు మేలే. కాని బొగ్గుపులుసు వాయువు దానివలన తగ్గదు. తగ్గుటకు తైలమును తక్కువగ మండించుటయే నేటికి తిన్నని దారి.

ఇక మన జనరేటరు మాట. ప్రశ్న యడిగిన బాలుడును, అతని మిత్రులు నలుగురును ఆ యర్ధసంవత్సరము ఒక పుస్తకము పెట్టిరి. జనరేటరు నడచిన ప్రతిదినమును, ముందును వెనుకను తొట్టిలో కొలకఱ్ఱ ముంచి ఖర్చైన డీజిలును వ్రాసిరి. చివరకు 103 లీటరులు తేలెను. కార్యాలయపు రసీదులనుబట్టి, తొట్టిలో మిగిలినది తీసివేయగా, ఖర్చు 118 లీటరులు. పదునైదు లీటరులు ఏమైనవి? పిల్లలు ఒకరినొకరు అనుమానించుకొనిరి. రసీదుల అంకెకు సరిపోవునట్లు అక్కడక్కడ దిద్దుదమని ఒకడు పలికెను. ప్రశ్న యడిగిన బాలుడు మాత్రము దిద్దుటకు ఒప్పక, వాచ్‌మన్ దినచర్య పుస్తకముతో తమ పుస్తకమును పుటపుటకు పోల్చిచూచి, ఒక శనివారము వార్షికోత్సవపు సన్నాహములకై నడపిన దినమును తామెవరును వ్రాయలేదని కనుగొనెను. ఆనాడు వ్రాయవలసిన వంతు అతనిదే. తలవంచుకొని వచ్చి, “తప్పు నాదేనండీ” అని చెప్పెను. ఆ పదునైదు లీటరుల వాయువు సుమారు 40 కిలోగ్రాములు. ఇంచుమించు ఆ బాలుని తూకమంత! రెండవ పుస్తకము లేకున్న అది లెక్కలేక పోయెడిది.

118 లీటరులకు 2.65 చొప్పున 313 కిలోగ్రాములని వారు చివరి పుటలో వ్రాసి, క్రింద సంతకములు చేసిరి. ఇది ప్రపంచపు లెక్కలో అణుమాత్రము. అయినను అది నిజమైన అంకె.

ఇంటివద్ద ఈ వాయువును చూడగోరు విద్యార్థులు జనరేటరు గొట్టము దగ్గరకు పోరాదు. ఆ పొగ విషము. పెద్దల యెదుట ఒక సీసాలో చిన్న క్రొవ్వొత్తిని వెలిగించి, అది ఆరిన పిమ్మట తేఱిన సున్నపునీటిని కొంచెము పోసి, మూతపెట్టి కదలింపుడు. తేటనీరు పాలవలె తెల్లనగును. కంటికి కనబడనిది అచ్చట సాక్ష్యమిచ్చును. అది యెంత యున్నదో చెప్పుటకు మాత్రము త్రాసును, రెండు ఖాతాపుస్తకములును, తన తప్పును దిద్దిపుచ్చక ఒప్పుకొను మనస్సును కావలయును.